3 × 8 మాత్రికలో వరి రకాలను యాదృచ్ఛికంగా పేర్చాలి, గడులు ఖాళీగా మిగులుతున్నాయి

నారుమడి

అందరికీ నమస్కారం. నేను వ్యవసాయ శాస్త్రంలో ఎమ్మెస్సీ చదువుతున్నాను. ఈ ఖరీఫ్‌లో థీసిస్ కోసం ఎనిమిది వరి రకాలను పోల్చి చూడాలి. ఒక్కో రకం మూడు మడుల్లో పెరగాలి కాబట్టి మొత్తం 24 మడులు. ఒక్కో మడి 5 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు. పొలం కాలువను ఆనుకుని ఉంది. కాలువకు సమాంతరంగా మూడు వరుసలు, వరుసకు ఎనిమిది మడులు వస్తాయి. ఏ మడిలో ఏ రకం నాటాలన్నది నా ఇష్టానికి వదలకుండా యాదృచ్ఛికంగా తేలాలి.

ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాష ఈ మధ్యే నేర్చుకోవడం మొదలుపెట్టాను. ముందు సున్నాలతో నిండిన 3 × 8 మాత్రిక తయారు చేశాను. తర్వాత 24 విలువలను (1 నుంచి 8 వరకు, ఒక్కోటి మూడుసార్లు) ఒకటొకటిగా తీసుకుని, ప్రతిదానికీ 1 నుంచి 3 లోపు ఒక అడ్డువరుసను, 1 నుంచి 8 లోపు ఒక నిలువువరుసను యాదృచ్ఛికంగా ఎంచి, ఆ గడిలో విలువను పెట్టాను. లూపు 24 సార్లు తిరుగుతోంది, తప్పేమీ చూపించడం లేదు. కానీ చివర్లో మాత్రిక చూస్తే 9 గడుల్లో ఇంకా సున్నాలే ఉన్నాయి. మళ్లీ రన్ చేస్తే 8, ఇంకోసారి 10. ఆ విలువలు ఎక్కడికి పోతున్నాయి?

నారు మరో పన్నెండు రోజుల్లో నాటుకు వస్తుంది. ఈలోగా లేఅవుట్ తేలాలి. దయచేసి చెప్పండి.

సున్నాఒకటి

ఎక్కడికీ పోవడం లేదండీ, ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. మీరు ఎంచిన గడిలో అప్పటికే ఒక రకం ఉంటే, కొత్తది వచ్చి పాతదాన్ని చెరిపేస్తుంది. కంప్యూటర్‌కు అది తప్పు కాదు, గడిలో విలువ మార్చమన్నారు, మార్చింది.

24 గడుల్లో 24 విలువలను చూసుకోకుండా విసిరితే ఒక గడికి ఒక్కటీ తగలకపోయే అవకాశం 23/24ను 24 సార్లు గుణించినంత, అంటే సుమారు 0.36. 24 గడులకు లెక్కిస్తే సగటున 8.6 ఖాళీలు. మీకు 9, 8, 10 రావడం అచ్చంగా లెక్క ప్రకారమే.

గడి ఖాళీగా ఉందో లేదో చూసి, నిండి ఉంటే మళ్లీ ఎంచుకోమని చెప్పడం ఒక మార్గం. పని జరుగుతుంది, కానీ చివరికొచ్చేసరికి వృథా తిరుగుడు పెరుగుతుంది. ఒకే గడి మిగిలినప్పుడు దాన్ని పట్టుకోవడానికే సగటున 24 ప్రయత్నాలు కావాలి. మొత్తం మాత్రిక నిండడానికి సగటున 91 ప్రయత్నాలు. మీ మాత్రిక చిన్నది కనుక తేడా తెలియదు. 100 × 100 మాత్రికను ఇలాగే నింపాలంటే 10,000 విలువలకు దాదాపు 98,000 ప్రయత్నాలవుతాయి.

అందుకని అసలు గడిని వెతకడమే మానేయండి. విలువలనే కలపండి. 24 విలువలను ఒక జాబితాగా రాసి, ఆర్‌లోని శాంపుల్ అనే ఫంక్షన్‌కు ఇస్తే పేకముక్కల్లా కలిపి ఇస్తుంది. వచ్చిన వరుసలోనే మాత్రికలో పెట్టేయండి. ఏ గడీ ఖాళీ ఉండదు, ఏ విలువా పోదు.

ఈ పొరపాటు నేను చదువుకునే రోజుల్లో మైన్‌స్వీపర్ ఆట రాస్తూ చేశాను. 9 × 9 పలకలో 10 మందుపాతరలు పెట్టాలి. చూసుకోకుండా పెడితే నూటికి 44 పలకల్లో కనీసం రెండు ఒకే గడిలో పడి, పదికి తక్కువే మిగులుతాయి. మిగిలిన 56 పలకలు సరిగ్గానే ఉంటాయి, అందుకే అంత త్వరగా కంటికి దొరకదు. మీకు 24 గడులూ నిండాలి కనుక మొదటిసారే దొరికింది.

నారుమడి

సున్నాఒకటి గారూ, ఎంతో సాయం చేశారు. కలిపి పెట్టాను, 24 మడులూ నిండాయి. లూపు కూడా అవసరం లేకపోయింది.

కానీ ఇంకో సందేహం. నాకు వచ్చిన లేఅవుట్‌లో రకం 3 మూడుసార్లూ కాలువ పక్కనున్న మొదటి వరుసలోనే పడింది. రకం 6 రెండుసార్లు చిట్టచివరి వరుసలో పడింది. యాదృచ్ఛికం అంటే ఇలాంటివీ ఒప్పుకోవాలా?

గట్టుమీద

అమ్మా, నేను వరి పరిశోధన పొలాల్లో ముప్పయ్యేళ్లకు పైగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ని. కోడు సంగతి సున్నాఒకటి గారు చక్కగా చెప్పారు. పొలం సంగతి నేను చెబుతాను.

కాలువ పక్క వరుసకు నీరు ముందు అందుతుంది, ఆ నీటితో వచ్చే ఒండ్రు కూడా ముందు అక్కడే దిగుతుంది. నాటిన నెలకు గట్టు మీద నిలబడి చూడు. మొదటి వరుసలో ఆకు ముదురు పచ్చగా ఉంటుంది, చివరి వరుసకు వచ్చేసరికి లేతబారుతుంది. రకం ఏదైనా సరే. అలాంటి చోట రకం 3 మూడు మడులూ కాలువ పక్కనే ఉంటే, దిగుబడి ఎక్కువ వచ్చినప్పుడు అది రకం గొప్పతనమో కాలువ గొప్పతనమో ఎవరు చెప్పగలరు?

నువ్వు చేసినది మాత్రిక మొత్తంలో కలపడం. నేలంతా ఒకే తీరుగా ఉన్నప్పుడు, కుండీల్లో పెంచేటప్పుడు అది సరిపోతుంది. నీ పొలంలో తేడా ఎటు నడుస్తోందో ముందే తెలుసు కదా, కాలువ నుంచి దూరంగా. అందుకని కాలువకు సమాంతరంగా ఉన్న ఒక్కో వరుసను ఒక్కో బ్లాకు అనుకో. ప్రతి బ్లాకులో ఎనిమిది రకాలూ తలా ఒకసారి ఉండాలి. కలపడం బ్లాకు లోపలే జరగాలి, ఒక బ్లాకుకూ ఇంకోదానికీ సంబంధం లేకుండా మూడుసార్లు విడివిడిగా కలపాలి. అప్పుడు కాలువ మేలు ఎనిమిదింటికీ సమంగా అందుతుంది.

ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో గణాంక శాస్త్రవేత్త రొనాల్డ్ ఫిషర్ 1919 నుంచి 1933 వరకు పనిచేస్తూ నిలబెట్టిన పద్ధతి ఇది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన మన సి.ఆర్.రావు గారు కేంబ్రిడ్జిలో పీహెచ్‌డీ చేసింది ఆ ఫిషర్ దగ్గరే. మా తరానికి కంప్యూటర్ లేదు. రకాల సంఖ్యలను చీటీల మీద రాసి, మడిచి, స్టీలు డబ్బాలో కుదిపి తీసేవాళ్లం. చివర వేసిన చీటీ పైనే ఉండిపోయి ముందు చేతికి రావడం నేను చాలాసార్లు చూశాను. అందుకే మా పెద్దాయన ఒకరు డబ్బాను నేల మీద దొర్లించి దొర్లించి గానీ మూత తీయనిచ్చేవారు కాదు.

నారుమడి

సార్, మీరు చెప్పాక పొలానికి వెళ్లి చూశాను. పోయిన పంట మోళ్లు కూడా కాలువ వైపు గుబురుగా, అటు చివర పలచగా ఉన్నాయి. ఇన్నాళ్లూ ఆ గట్టు మీదే నడిచాను, ఎప్పుడూ గమనించలేదు.

ప్రతి బ్లాకుకూ 1 నుంచి 8 వరకు విడిగా కలిపాను. మూడు జాబితాలనూ ఒకదాని వెనక ఒకటి చేర్చి, మూడు అడ్డువరుసల మాత్రిక చేయమన్నాను. వచ్చింది ఇది:

5 1 6 8 7 5 2 1
2 7 4 1 2 7 5 3
8 3 3 6 4 4 8 6

మొదటి వరుసలో 5, 1 రెండేసిసార్లు ఉన్నాయి, 3, 4 లేవు. మూడో వరుసలో నాలుగు రకాలు రెండేసిసార్లు ఉన్నాయి, మిగతా నాలుగూ అసలు లేవు. బ్లాకు లోపలే కలిపాను కదా, ఇలా ఎలా జరిగింది?

సున్నాఒకటి

మీ మాత్రికను పై నుంచి కిందికి చదవండి. 5, 2, 8. తర్వాత 1, 7, 3. తర్వాత 6, 4. అక్కడికి ఎనిమిదీ అయ్యాయి, ఒక్కటీ రెండోసారి రాలేదు. అదే మీ మొదటి బ్లాకు.

ఆర్ భాష ఒక జాబితాను మాత్రికగా మార్చేటప్పుడు నిలువువరుసలను ముందు నింపుతుంది. మొదటి నిలువువరుస పై నుంచి కిందికి, తర్వాత రెండోది. మనం తెలుగు చదివినట్టు ఎడమ నుంచి కుడికి నిండుతుందని అనుకుంటాం. పైథాన్ భాషలో నంపై అనే లైబ్రరీ వాడేవాళ్లకు అడ్డంగానే నిండుతుంది, అందుకే అటు నుంచి ఇటు వచ్చినవాళ్లందరూ ఇక్కడ తడబడతారు. మ్యాట్రిక్స్ ఫంక్షన్‌లో అడ్డువరుసల వారీగా నింపమని చెప్పే బైరో (byrow) అనే ఐచ్ఛికం ఉంటుంది, దానికి నిజం (TRUE) అని ఇవ్వండి. అవే 24 విలువలు ఇలా వస్తాయి:

5 2 8 1 7 3 6 4
3 8 1 6 7 2 4 5
7 4 2 5 8 1 3 6

ఒక్క మాట. ఈ తప్పు మీ కంటికి దొరికింది కనుక సరిపోయింది. లేఅవుట్ తయారవగానే ప్రతి అడ్డువరుసనూ ఆరోహణ క్రమంలో పేర్చి 1 నుంచి 8 వరకు ఉన్నాయో లేదో కోడే చూసేలా ఒక పంక్తి రాసుకోండి. తేడా ఉంటే అక్కడే ఆగిపోవాలి. పొలంలో మేకులు పాతాక తెలిస్తే చాలా కష్టం.

పాలపిట్ట

నేను ఇంటర్‌లో ఉన్నాను, జావా నేర్చుకుంటున్నాను. కలపడానికి తయారు ఫంక్షన్ వాడకుండా నేనే రాశాను. మొదటి స్థానం నుంచి చివరి వరకు వెళ్తూ, ప్రతి స్థానంలోని విలువను జాబితాలో ఎక్కడో ఒక యాదృచ్ఛిక స్థానంలోని విలువతో తారుమారు చేయడమే. మూడు పంక్తుల్లో అయిపోయింది. అక్కకు ఇది కూడా పనికొస్తుంది కదా?

లెక్కల మాష్టారు

నువ్వే రాసుకోవాలని కూర్చున్నందుకు ముందు నా అభినందనలు, బాబూ. కానీ ఈ పద్ధతిలో కంటికి కనిపించని మొగ్గు ఉంది. మూడే విలువలు తీసుకుని చూద్దాం.

ప్రతి అడుగులోనూ మూడు స్థానాల్లో ఏదైనా రావచ్చు, మూడు అడుగులు. కనుక జరగగల దారులు 3 × 3 × 3 = 27. మూడు విలువలను పేర్చగల క్రమాలు 6. 27 దారులను 6 క్రమాలకు సమంగా పంచగలవా? 27ను 6 భాగించదు. అంటే కొన్ని క్రమాలకు ఎక్కువ దారులు, కొన్నింటికి తక్కువ దారులు వచ్చి తీరతాయి. ఎంత వేగమైన కంప్యూటర్ ఇచ్చినా, ఎంత మంచి యాదృచ్ఛిక సంఖ్యలు ఇచ్చినా ఈ మొగ్గు పోదు. తప్పు సంఖ్యల్లో లేదు, దారుల లెక్కలో ఉంది.

సరైన పద్ధతిలో మార్పు చిన్నదే. చివరి నుంచి మొదలుపెట్టు. ప్రతి అడుగులోనూ ఇంకా స్థిరపడని విలువల్లోంచే ఒకటి ఎంచు. ఎంచినదాన్ని చివర పెట్టి, ఇక దాని జోలికి వెళ్లకు.

చ = 8
చ విలువ 2 కంటే తగ్గే వరకు:
    క = 1 నుంచి చ వరకు ఒక యాదృచ్ఛిక పూర్ణసంఖ్య
    జాబితా[క], జాబితా[చ] తారుమారు
    చ = చ − 1

క విలువ చ తో సమానం కావచ్చు, అంటే విలువ ఉన్నచోటే ఉండిపోవచ్చు. దాన్ని నిషేధించకు, నిషేధిస్తే మళ్లీ మొగ్గు వస్తుంది. ఇక్కడ దారులు 8 × 7 × 6 × … × 2 = 40,320, క్రమాలూ సరిగ్గా 40,320. ఒక్కో క్రమానికి ఒక్కటే దారి.

ఈ పద్ధతి పుట్టింది కూడా పొలం పరిశోధన కోసమే. ఫిషర్, ఫ్రాంక్ యేట్స్ కలిసి 1938లో వ్యవసాయ, జీవ, వైద్య పరిశోధకుల కోసం అచ్చువేసిన గణాంక పట్టికల పుస్తకంలో కాగితం, పెన్సిల్‌తో చేసుకునేలా దీన్ని ఇచ్చారు. ఎంచిన సంఖ్యను కొట్టేస్తూ పోవడం వాళ్ల పద్ధతి. కొట్టేయకుండా తారుమారు చేస్తే చాలన్న కంప్యూటర్ రూపాన్ని రిచర్డ్ డర్‌స్టెన్‌ఫెల్డ్ 1964లో ప్రచురించారు. ఈ రోజు చాలా భాషల్లో తయారుగా దొరికే కలపడం ఫంక్షన్ లోపల ఉన్నది ఇదే.

గట్టుమీద గారు స్టీలు డబ్బా గురించి చెప్పగానే నాకు 1969 డిసెంబరు 1న అమెరికాలో జరిగిన లాటరీ గుర్తొచ్చింది. సైన్యంలో ఎవరు ముందు చేరాలో తేల్చడానికి పుట్టినరోజులను గొట్టాల్లో పెట్టి ఒక్కొక్కటిగా తీశారు. గొట్టాలను సరిగా కలపలేదు. ఏడాది చివరి నెలల్లో పుట్టినవారి తేదీలు ఎక్కువగా ముందుగా బయటికొచ్చాయి. మనకు డబ్బా దొర్లించిన ఆ పెద్దాయనలాంటివారు అక్కడ లేకపోయారు.

పాలపిట్ట

మాష్టారూ, రాత్రి కూర్చుని 27 దారులూ నోటుబుక్కులో రాశాను. 1 2 3తో మొదలుపెడితే 1 3 2, 2 1 3, 2 3 1 అయిదేసిసార్లు వచ్చాయి. 1 2 3, 3 1 2, 3 2 1 నాలుగేసిసార్లే వచ్చాయి. మొత్తం సరిగ్గా 27. నా కోడును మార్చేశాను.

నారుమడి

బైరో మార్చాక అంతా సరిగ్గా ఉంది. వరుసలను సరిచూసే పంక్తి కూడా రాశాను. ఇప్పుడు మనసులో ఒకటే గుచ్చుకుంటోంది. అయిదో నిలువువరుస చూడండి. మొదటి బ్లాకులో 7, దాని కిందే రెండో బ్లాకులోనూ 7. నా జాబితాలో 7 అంటే తెలంగాణ సోనా, ఆర్‌ఎన్‌ఆర్ 15048. మధ్యలో గట్టు మాత్రమే ఉంటుంది. ఇంకొక్కసారి రన్ చేసి, ఇలా పక్కపక్కన రాని లేఅవుట్ తీసుకోవచ్చా?

గట్టుమీద

వద్దమ్మా. ఇది నేను గట్టిగా చెబుతాను. నచ్చలేదని ఒకసారి మార్చావంటే ఇక ఆ లేఅవుట్ యాదృచ్ఛికం కాదు, నీది. ఈ రోజు 7 పక్కన 7 ఉందని మారుస్తావు. రేపు నీకు ఇష్టమైన రకం చివరి మూల మడిలో పడిందని మారుస్తావు. నీకే తెలియకుండా నీ మనసు అందులో చేరుతుంది. మనసును పొలంలోంచి బయట ఉంచడానికే కదా ఇంత శ్రమ. కొత్తగా వచ్చిన కుర్రవాడు ఒకడు తన రకానికి మంచి మడి వచ్చేదాకా చీటీలు తీయడం నేను కళ్లారా చూశాను. అతను మోసగాడు కాదు. తన రకం మీద ప్రేమ, అంతే.

సున్నాఒకటి

గట్టుమీద గారి మాట మీద గౌరవంతోనే విభేదిస్తున్నాను. ఒక రకం 125 రోజుల్లో కోతకు వస్తుంది, ఇంకోటి సాంబ మసూరిలా 150 రోజులు తీసుకుంటుంది. ముందు పండేదానికి నీళ్లు ఆపాలి, పక్కదానికి పెట్టాలి. ఎవరి పక్కన ఎవరున్నారన్నది పంటకు నిజంగానే ముఖ్యం. అలాంటప్పుడు పక్కపక్కన ఒకే రకం రాకూడదన్న షరతును కోడులోనే రాసి, షరతుకు లోబడిన లేఅవుట్లలోంచి ఒకదాన్ని యాదృచ్ఛికంగా తీసుకుంటే తప్పేమిటి? చేత్తో ఏరుకోవడం వేరు, నియమంతో ఏరడం వేరు.

లెక్కల మాష్టారు

మీ ఇద్దరి మధ్య ఉన్న ఈ వాదన ఫిషర్‌కూ, స్టూడెంట్ అన్న కలం పేరుతో రాసిన విలియం గాసెట్‌కూ మధ్య నడిచినదే. మడులను సమతూకంగా పేర్చుకోవడం మంచిదని గాసెట్, యాదృచ్ఛికం తప్పదని ఫిషర్. 1937లో గాసెట్ చనిపోయాక, 1938లో ఆయన చివరి వ్యాసం అచ్చయింది. అది కూడా ఈ విషయం మీదే.

ముందు ఒక లెక్క చెబుతాను, నారుమడి గారి బెంగ కొంత తీరుతుంది. ఎనిమిది విలువలను రెండుసార్లు విడివిడిగా కలిపి ఒకదాని కింద ఒకటి పెడితే, ఏ స్థానంలోనూ ఒకే విలువ రాకుండా ఉండే అవకాశం 40,320లో 14,833, అంటే 36.8 శాతం. మీకు అలాంటి సరిహద్దులు రెండు, ఒకటి–రెండు బ్లాకుల మధ్య, రెండు–మూడు బ్లాకుల మధ్య. రెండింటిలోనూ రాకుండా ఉండే అవకాశం 13.5 శాతమే. మరో మాటలో, నూటికి 86 లేఅవుట్లలో ఎక్కడో ఒకచోట ఒకే రకం పైనా కిందా పడుతుంది. మీకు వచ్చినది వింత కాదు, మామూలు. కంటికి మాత్రం అది ఎవరో కావాలని పెట్టినట్టు కనిపిస్తుంది. చెల్లాచెదురుగా, సమదూరంగా ఉన్నదాన్నే మనం యాదృచ్ఛికం అనుకుంటాం. నిజమైన యాదృచ్ఛికంలో గుంపులు ఉంటాయి.

నా అభిప్రాయం. షరతు పెట్టడం తప్పు కాదు, లేఅవుట్ చూశాక పెట్టడం తప్పు. ఇది రాకూడదు అన్నది ముందే రాసుకుని, కారణం చెప్పి, థీసిస్‌లో పేర్కొని, విశ్లేషణలో దాన్ని లెక్కలోకి తీసుకోగలిగితే సున్నాఒకటి గారి మార్గం చెల్లుతుంది. మీరు ముందు అలాంటి నియమం రాసుకోలేదు కనుక ఈ లేఅవుట్ విషయంలో గట్టుమీద గారి మాటే వినండి.

సున్నాఒకటి

లేఅవుట్ చూశాక అన్న మాట దగ్గర ఒప్పుకుంటున్నాను. నేను ఆ తేడా చూడలేదు.

గట్టుమీద

నేనూ ఒకటి ఒప్పుకోవాలి. నీళ్ల విషయంలో సున్నాఒకటి గారి భయం నిజమే. దానికి మందు లేఅవుట్‌లో కాక మడిలోనే ఉందమ్మా. రెండు బ్లాకుల మధ్య గట్టు ఒక్కటే పెట్టకుండా, నీళ్లు పెట్టే బోదె తీయించు. ప్రతి మడికీ నీళ్లు విడిగా పెట్టి విడిగా ఆపుకోవచ్చు. కోత రోజున మడి చుట్టూ అంచు వరుసలను వేరుగా కోసి పక్కన పెట్టు, లోపలి భాగాన్నే తూకం వెయ్యి. పక్క మడి ప్రభావం చాలావరకు ఆ అంచులతోనే పోతుంది.

నల్లరేగడి

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మాది మిరప. అయిదు రకాల ఎరువు మోతాదులు పోల్చాలి. నేల రెండు వైపులకూ వాలుగా ఉంది కనుక 5 × 5 మాత్రికలో ప్రతి అడ్డువరుసలోనూ, ప్రతి నిలువువరుసలోనూ ఒక్కో మోతాదు ఒక్కసారే రావాలన్నారు. 1 2 3 4 5 అని మొదటి వరుస రాసి, కింది వరుసల్లో ఒక్కో గడి జరుపుతూ పోయి, తర్వాత అడ్డువరుసలనూ నిలువువరుసలనూ కలిపేశాను. ఇది చాలా?

లెక్కల మాష్టారు

దీన్ని లాటిన్ చతురస్రం అంటారు. మీరు చేసిన పద్ధతి చాలామంది వాడతారు, వచ్చేది సరైన లాటిన్ చతురస్రమే. అయితే 5 × 5 లాటిన్ చతురస్రాలు మొత్తం 1,61,280 ఉంటే, జరుపుడు చతురస్రం నుంచి మొదలుపెట్టి అడ్డువరుసలను, నిలువువరుసలను, మోతాదుల పేర్లను ఎంత కలిపినా 17,280కి మించి చేరలేరు. పదింట తొమ్మిది వంతుల చతురస్రాలకు మీ కోడులో దారే లేదు.

5 × 5 వరకు తేలికైన మార్గం ఉంది. అయిదు అడ్డువరుసలనూ విడివిడిగా కలపండి. నిలువువరుసలన్నీ సరిగ్గా ఉంటే తీసుకోండి, లేకపోతే మొత్తం పారేసి మొదటి నుంచి మళ్లీ కలపండి. సగటున 1,54,286 ప్రయత్నాలు పడతాయి, మామూలు ల్యాప్‌టాప్‌కు అది పెద్ద పని కాదు. తప్పిన వరుసను మాత్రమే మార్చి ముందుకు వెళ్లకండి, మొగ్గు వస్తుంది. 6 × 6కు ఈ మార్గంలో సగటున 17 కోట్లకు పైగా ప్రయత్నాలు కావాలి, అప్పుడు జాకబ్సన్, మాథ్యూస్ 1996లో ఇచ్చిన పద్ధతి చూడాలి.

సున్నాఒకటి

నారుమడి గారూ, లేఅవుట్ ఖాయం చేసేముందు సీడ్ సంగతి. కంప్యూటర్ ఇచ్చే యాదృచ్ఛిక సంఖ్యలు ఒక సూత్రం నుంచి పుడతాయి. ఆర్, పైథాన్ రెండింటిలోనూ మామూలుగా ఉండేది మకోటో మత్సుమోతో, తకుజీ నిషిమురా 1997లో రూపొందించిన మెర్సెన్ ట్విస్టర్. దానికి మొదట ఒక సంఖ్య ఇస్తే, అదే సంఖ్యకు ఎప్పుడూ అదే వరుస వస్తుంది. ఆ మొదటి సంఖ్యే సీడ్. సెట్ సీడ్ అని పిలిచి, ఆ సంఖ్యను మీ పొలం పుస్తకంలో రాసుకోండి. రేపు పరీక్షకులు అడిగితే అదే లేఅవుట్ వారి కళ్ల ముందే మళ్లీ పుట్టించవచ్చు.

సీడ్‌తో పాటు ఆర్ వెర్షన్ కూడా రాసుకోండి. 2019లో వచ్చిన 3.6.0లో శాంపుల్ ఫంక్షన్ లోపలి పద్ధతిని మరింత కచ్చితంగా ఉండేలా మార్చారు. అందువల్ల అంతకు ముందు వెర్షన్‌లో అదే సీడ్ ఇస్తే వేరే లేఅవుట్ వస్తుంది. పాత పద్ధతి కావాలంటే సెట్ సీడ్‌లోనే అడగవచ్చు.

మీ సీనియర్లు ఎవరైనా ఈ పని స్ప్రెడ్‌షీట్‌లో చేస్తుంటే వారికీ ఒక మాట. అందులోని యాదృచ్ఛిక సంఖ్యలు ఏ గడిలో ఏది మార్చినా మళ్లీ కొత్తగా పుడతాయి. వాటి ఆధారంగా పేర్చిన లేఅవుట్‌ను సూత్రాలుగా వదిలేయకుండా వెంటనే విలువలుగా మార్చి దాచమని వారికి చెప్పండి. కాగితం మీద ఒకటి, ఫైలులో ఇంకోటి ఉంటే ఏది నాటామో మేకులే చెప్పాలి.

గట్టుమీద

ఇంకొక్కటి ఉందమ్మా. నీ మాత్రికలో ఒకటో అడ్డువరుస, ఒకటో నిలువువరుస కలిసే గడి పొలంలో ఏ మూల? కాగితం మీద ఎడమ పైమూల. పొలంలోకి కాలువ గట్టు నుంచి దిగి చూస్తే ఒక చేతికి వస్తుంది, అవతలి గట్టు నుంచి చూస్తే ఇంకో చేతికి వస్తుంది. కాగితాన్ని తలకిందులుగా పట్టుకుని మేకులు పాతిన సందర్భం నాకు తెలుసు. లేఅవుట్ అంతా తిరగబడింది. నాట్లు సగమయ్యాక చూసుకుని, తిరగబడిన దాన్నే అసలు లేఅవుట్‌గా మళ్లీ రాసుకోవాల్సి వచ్చింది. కాగితం మీద కాలువ ఎటుందో గీయి, ఉత్తరం గుర్తు పెట్టు. ఆ మొదటి గడి మేకుకు మాత్రం ఎర్ర రంగు వెయ్యి.

నారుమడి

అందరికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. ఈ రోజు పొద్దున్నే పొలానికి వెళ్లాం. పై లేఅవుట్‌ను మార్చలేదు. అయిదో నిలువువరుసలో 7 కింద 7 అలాగే ఉంది. కలిపేటప్పుడు సీడ్ పెట్టాను కాబట్టి అదే లేఅవుట్ మళ్లీ వచ్చింది. సీడ్, వెర్షన్, తేదీ పొలం పుస్తకం మొదటి పేజీలో రాశాను.

బ్లాకుల మధ్య బోదెలు తీయించాం. కాలువ గట్టు మీద నిలబడి పొలం వైపు తిరిగితే కుడి చేతి వైపు మొదటి మూలలో ఎర్ర మేకు ఉంటుంది, దాని మీద 5 అని రాసి ఉంది. మేకులు పాతుతూ ఉంటే మా కూలీ మేస్త్రి లేఅవుట్ కాగితం అడిగి తీసుకుని, వరుసలో ఒక్కో అంకె మీద వేలు పెట్టి ఒకటి నుంచి ఎనిమిది దాకా వెతుక్కుంటూ పోయారు. మూడు వరుసలూ చూశాక, అన్నీ ఉన్నాయమ్మా అని కాగితం తిరిగి ఇచ్చారు. ఆరు రోజుల్లో నాట్లు.